యాభైసార్ల లెక్క

పిల్లలూ! తాతగారి జుట్టు నెరవడం, చర్మం ముడతలు పడడం మీరు చూస్తూనే ఉంటారు. ఎందుకలా అవుతుందని అడిగితే పెద్దవాళ్ళు "వయసు మీద పడింది" అంటారు. అది జవాబు కాదు, ప్రశ్ననే ఇంకోలా చెప్పడం. ఆ వయసు ఒంట్లో ఎక్కడ దాగి ఉంటుందో వెతికిన ఒక శాస్త్రజ్ఞుడి సంగతి ఈ నెల చెబుతాను. ఆయన పేరు లెనార్డ్ హేఫ్లిక్. 1928లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పుట్టాడు.

మన శరీరంలో కోటానుకోట్ల జీవకణాలున్నాయి. కణం ఆహారం తీసుకుంటుంది, ప్రాణవాయువును వాడుకుని శక్తి పుట్టిస్తుంది, పెరిగి రెండుగా చీలుతుంది. కణాలను ఒంటిలోంచి తీసి, గాజుసీసాలో పోషకద్రవం పోసి పెంచవచ్చు కూడా. 1912లో న్యూయార్కులో అలెక్సిస్ కారెల్ అనే గొప్ప వైద్యుడు కోడిపిండపు గుండెలోని చిన్న ముక్కను ఇలా పెంచసాగాడు. నోబెల్ బహుమానం అందుకున్నవాడాయన. 1944లో ఆయన చనిపోయినా, ఆ కణాలు మాత్రం 1946 దాకా పెరుగుతూనే ఉన్నాయి. కోడి అన్నేళ్ళు బతకదు గదా! కనుక సరిగా మేపితే కణానికి చావే లేదని అందరూ నమ్మారు. ఎవరి సీసాలో కణాలైనా చనిపోతే, వాళ్ళకు పెంచడం చేతకాలేదనుకునేవారు.

హేఫ్లిక్ ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో మానవపిండపు కణాలను పెంచుతున్నాడు. సీసా నిండగానే కణాలను రెండు సీసాలలోకి పంచేవాడు. అవి నిండితే మళ్ళీ పంచేవాడు. నెలలు గడిచేసరికి పాత సీసాలలోని కణాలు నెమ్మదించాయి. సుమారు యాభైసార్లు రెట్టింపయ్యాక చీలడమే మానేశాయి. కొత్తగా మొదలుపెట్టిన సీసాలలో మాత్రం చక్కగా చీలుతున్నాయి. ద్రవం ఒకటే, గది ఒకటే, పెంచే చేయీ ఒకటే!

అన్నం సరిగా ఉడక్కపోతే తప్పు కుండదా, బియ్యానిదా? రెండు రకాల బియ్యమూ ఒకే కుండలో పోసి వండితే తెలిసిపోతుంది. హేఫ్లిక్, ఆయన సహచరుడు పాల్ మూర్‌హెడ్ ఆ పనే చేశారు. నలభైసార్లు రెట్టింపయిన మగవాడి కణాలనూ, పదిసార్లు మాత్రమే రెట్టింపయిన ఆడమనిషి కణాలనూ సమంగా ఒకే సీసాలో కలిపారు. క్రోమోసోములను చూసి ఏవి ఎవరివో గుర్తించవచ్చు. విడిగా ఉంచిన మగకణాలు చీలడం ఆగిన నాడు, కలిపిన సీసాను పరీక్షించారు. అందులో చీలుతున్నవన్నీ ఆడకణాలే! తప్పు ద్రవానిదో, గాజుదో, కంటికి కనబడని వైరసుదో అయితే రెండూ ఒకేసారి ఆగిపోవాలి గదా! అంటే గడియారం కణం లోపలే ఉన్నదన్నమాట. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన నాకు, ఇంత తేటయిన ప్రయోగాలు పాఠ్యపుస్తకాలలో అరుదుగానే కనిపించాయి.

అయినా ఒక పేరుపడ్డ పత్రిక వారి వ్యాసాన్ని తిప్పి పంపింది. కారెల్ అంతటివాడి మాటను కాదనడం సామాన్యమా! చివరకు 1961లో మరో పత్రికలో అది అచ్చయింది. మరి కారెల్ కణాలు అన్నేళ్ళు ఎలా పెరిగాయి? మేతగా పోసిన కోడిపిండపు రసంతోబాటు కొత్త కణాలు కొన్ని వచ్చి చేరుతూ ఉండవచ్చునని హేఫ్లిక్ అభిప్రాయం.

ఇంకో వింత వినండి. ఇరవైసార్లు రెట్టింపయిన కణాలను ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి, ఏళ్ళ తరువాత కరిగిస్తే, అవి మిగిలిన ముప్పై మాత్రమే పూర్తిచేసి ఆగాయి. లెక్క మరిచిపోలేదు! 1962లో హేఫ్లిక్ ఇలా దాచిన డబ్ల్యు.ఐ.-38 అనే కణాలు టీకాల తయారీకి ఎంతగానో ఉపయోగపడ్డాయి. మీలో చాలామంది వేయించుకున్న ఎం.ఆర్. టీకాలోని రుబెల్లా వైరసును కూడా ఇటువంటి మానవకణాలలోనే పెంచుతారు. పాపం, ఆ కణాలు ఎవరి సొత్తన్న విషయంలో ఆయనకూ ప్రభుత్వానికీ పెద్ద తగవు వచ్చింది. 1976లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వదులుకున్నాడు. 1981లో గాని రాజీ కుదరలేదు.

కణం లెక్క ఎక్కడ రాసుకుంటుంది? 1971లో మాస్కో శాస్త్రజ్ఞుడు అలెక్సీ ఒలోవ్నికోవ్ ఒక ఊహ ప్రకటించాడు: చీలినప్పుడల్లా క్రోమోసోముల కొనలు కాస్త కాస్త తరిగిపోతాయి. అది నిజమేనని తరువాత తేలింది. ఆ కొనలను కాపాడే ఏర్పాటును కనిపెట్టిన ముగ్గురికి 2009లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఇక ఒక పని చేయండి. ఒక్క కణం యాభైసార్లు రెట్టింపయితే ఎన్నవుతాయో కాగితం మీద లెక్కవేయండి. పదకొండు కోట్ల కోట్లు దాటుతుంది! కాబట్టి కణాలు అయిపోయి మనిషి చనిపోతాడనుకోకండి. హేఫ్లిక్ కూడా అలా అనలేదు. చీలడం ఆగిన కణమైనా వెంటనే చావదు, చాలాకాలం ఆహారం తీసుకుంటూ, శక్తి పుట్టిస్తూ బతికే ఉంటుంది. మనిషి ముసలితనానికి ఇంకా ఎన్నో కారణాలున్నాయి. అందుకే 2002లో ఆయనా, మరి కొందరు శాస్త్రజ్ఞులూ కలిసి, బజారులో దొరికే ఏ మందూ ముసలితనాన్ని ఆపదని బాహాటంగా ప్రకటించారు. తల్లిదండ్రులు ఈ ముక్క గమనించాలి. ఆ తరువాత కూడా చాలాకాలం జీవించి, హేఫ్లిక్ 2024లో తన 96వ ఏట కన్నుమూశాడు.