ఫీజులకు ప్లాన్ ఉంది... మరి మిలిటరీ తాతయ్యకు?



పాపను ఎల్‌కేజీలో చేర్చేటప్పుడే టెన్త్ దాకా ఎంతవుతుందో లెక్క వేసుకుంటాం. ఇంట్లో మాజీ సైనికుడైన తాతయ్య ఉంటే, రేపు ఆయన మంచం పడితే ఎవరు చూసుకోవాలో మాత్రం మాట్లాడుకోం. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్న మనకు ఇది ఒకరిద్దరి ఇళ్ల సంగతి కాదు.

2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్‌లో సభ్యులైన పింఛనుదారులకు, వారి భార్యలకు పాలీక్లినిక్‌లలో, ఎంప్యానెల్ అయిన ఆసుపత్రుల్లో డబ్బు కట్టకుండా వైద్యం అందుతుంది. కానీ అర్ధరాత్రి బాత్‌రూమ్‌కు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడానికి మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో ఇంట్లోవాళ్లే ముందుగా తేల్చుకోవాలి.

ఈ సెలవుల్లో ఒక పూట అందరూ కూర్చోండి. డిశ్చార్జ్ బుక్, పీపీఓ, ఈసీహెచ్‌ఎస్ కార్డు ఒకే ఫైల్లో పెట్టండి. పీపీఓలో నానమ్మ పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో చూడండి. తప్పుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ పని ఒకరు చూసుకోండి. దగ్గరుండేదెవరు, ఖర్చు పంచుకునేదెవరు అన్నది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి రాసుకోండి. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి రాడ్ ఇప్పుడే బిగించండి.

"సాయం కావాలా?" అంటే ఆయన వద్దనే అంటారు. "నాన్నగారూ, ఎలా చేద్దామంటారు?" అని అడగండి. ఆయన గురించిన నిర్ణయం ఆయన లేకుండా వద్దు.

పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. పెద్దవాళ్లను ఎలా చూసుకోవాలో మేం క్లాసులో చెప్పగలం. వాళ్లు నేర్చుకునేది మాత్రం మిమ్మల్ని చూసే.