పొలుసుల జబ్బూ, ఖరీదైన సూదిమందూ

మా కంచికచర్లలో సోరియాసిస్ అంటే ఇప్పటికీ గుసగుసే. పెళ్లిచూపుల నాడు మోచేతులు కనపడకుండా పిల్లకి నిండు చేతుల జాకెట్టు వేయించడం నేను చూశాను. అంటుకుంటుందేమోనని దుప్పటి వేరుపెట్టే అత్తగార్లూ ఉన్నారు. అంటుకోదమ్మా! మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారితప్పి చర్మాన్ని తొందరపెడుతుంది. నెలరోజులకు రాలాల్సిన పొర నాలుగైదు రోజుల్లోనే పైకొచ్చి పొలుసులు కడుతుంది.

ఇప్పుడు పెద్ద డాక్టర్లు 'బయోలాజిక్' సూదిమందులు రాస్తున్నారు. ఖరీదు వినగానే మనం అడిగేది ఒకటే: పనిచేస్తాయా? అన్నీ ఒకేలా చేయవు. బెంగుళూరు బయోకాన్ వాళ్ల ఇటోలిజుమాబ్‌కు 2013లో మన దేశంలో అనుమతి వచ్చింది. 223 మందిపై జరిపిన పరీక్షలో 12 వారాలకు జబ్బు ముప్పాతిక వంతు తగ్గినవాళ్లు, మందిచ్చిన తీరును బట్టి, నూటికి 27 నుంచి 36 మందే. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో ఇద్దరు. 2014లో వెలువడిన సెక్యుకినుమాబ్ పరీక్షల్లో, పై మోతాదులో, అదే 12 వారాలకు నూటికి 77 నుంచి 82 మందికి అంత మేలు కనిపించింది. వేర్వేరు పరీక్షలు కనుక పక్కపక్కన పెట్టి తూచలేం గానీ, తేడా చిన్నదేం కాదు. మన దేశపు మందన్న అభిమానం వేరు, ఒంటిమీద పొలుసు తగ్గడం వేరు.

అయితే తగ్గడమంటే పోవడం కాదు. మందు ఆపితే చాలామందికి మళ్లీ వస్తుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే, గొలుసు తాకట్టుపెట్టి నాలుగు సూదులు వేయించుకుని ఐదోదానికి చేతులెత్తేసే ఇల్లాలి గతేమిటి? అడాలిముమాబ్‌కు 2014లో జైడస్, 2018లో మన హైదరాబాదు హెటెరో దేశీ రూపాలు తెచ్చాయి. ధర దిగింది, పత్తి, మిర్చి రేట్లు చూసుకుని బతికే ఇళ్లకు అందేంత దిగలేదు. పైగా దాగివున్న క్షయను అది లేపగలదు కనుక ముందు ఆ పరీక్ష తప్పదు.

చవకైన మెథోట్రెక్సేట్ మాత్రను చిన్నచూపు చూడక్కర్లేదు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. బిడ్డ కావాలనుకునేవాళ్లు మాత్రం అసలు వాడకూడదు. ఆ మాట అడగడానికే మొహమాటపడి, కొత్తగా పెళ్లయిన పిల్లలు డాక్టరు ముందు అత్తగారి వైపు చూస్తారు. పెళ్లప్పుడు దాచిన జబ్బు, కాపురంలో మాత్రలు దాచేదాకా తెస్తుంది.

పొద్దున్నే వేళ్లూ మోకాళ్లూ బిగుస్తుంటే అది కూడా చెప్పాలి. ఈ జబ్బు కొందరిలో కీళ్లకూ పాకుతుంది. వంకరపోయిన కీలు చర్మంలా మళ్లీ నున్నబడదు. అలాంటివాళ్లకు సూదిమందు ఖరీదు లెక్క వేరు.