తల్లీ బిడ్డా: కడుపు నిలవకపోతే కోడలిదేనా తప్పు?

రెండు నెలల క్రిందట మన సంఘం సమావేశం ముగిసి అందరం ఇళ్ళకు మరలుతూ ఉండగా, మా వీధి చివరి ఇంటి పెద్దావిడ నన్ను ప్రక్కకు పిలిచింది.

"వదినా, మా కోడలికి మూడోసారి కూడా కడుపు పోయింది. మొదటి రెండూ మూడో నెలలోనే పోయాయి. ఈసారి ఏడో నెల దాకా వచ్చి, బిడ్డ కదలిక ఆగిపోయింది. మొక్కని దేవుడు లేడు. పిల్ల గర్భంలోనే దోషం ఉందంటున్నారు చుట్టాలు. మావాడికి వేరే సంబంధం చూడమనే వాళ్ళూ ఉన్నారు" అని కళ్ళు ఒత్తుకున్నది.

"నెత్తురు పరీక్ష చేయించారా?" అని అడిగాను.

"చేయించాం. పదకొండు పాయింట్లు ఉందట. బాగానే ఉందన్నారు."

ఆమె చెప్పినది రక్తహీనత పరీక్ష. నేను అడిగినది వేరు. ఆ తేడా తెలియక ఎందరో ఇల్లాండ్రు మాట పడుతున్నారు గనుక ఈ నెల ఆ విషయమే వ్రాస్తున్నాను.

నెత్తురు నాళాలలో ఉన్నంతసేపు నీళ్ళలా పారాలి. గాయమైతే వెంటనే గడ్డకట్టాలి. కత్తిపీట తెగి వేలు కారుతుంటే కాసేపటికి ఆగేది అందువల్లనే. స్త్రీ గర్భవతి అయినప్పుడు ఈ గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. కాన్పులో మాయ విడిపోయేటప్పుడు తల్లి నెత్తురంతా ధారపోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది.

కొందరిలో ఈ ఏర్పాటు హద్దు మీరుతుంది. రోగాల నుంచి కాపాడవలసిన రక్షక పదార్థాలు దారితప్పి, సొంత నెత్తురే గడ్డకట్టేటట్లు చేస్తాయి. లండన్ వైద్యుడు గ్రేహం హ్యూస్ 1983లో వివరించిన ఈ జబ్బును యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటారు. బిడ్డకు ఆహారమూ ప్రాణవాయువూ అందించేది మాయ. ఈ జబ్బులో మాయ సరిగా నాటుకోదు. దాని నాళాలలో గడ్డలు కూడా ఏర్పడవచ్చు. కాలువ పూడితే మడి ఎండినట్లు, బిడ్డ ఎదుగుదల ఆగిపోతుంది. తల్లికి రక్తపు పోటు పెరిగి, మన పెద్దలు గుర్రపువాతం అన్న ప్రమాదమూ రావచ్చు.

ఈ పరీక్ష ఎవరికి అవసరం? కారణం తెలియకుండా మూడుసార్లు వరుసగా తొలి నెలల్లో కడుపు పోయినవారికి. రెండుసార్లు పోయినా ఇప్పుడు చాలామంది వైద్యులు చేయిస్తున్నారు. పది వారాలు దాటాక, చక్కగా ఏర్పడిన బిడ్డ ఒక్కసారి పోయినా చేయించాలి. రక్తపు పోటు వల్ల 34 వారాలలోపే కాన్పు చేయవలసి వచ్చినవారికీ, కాలిలో గాని ఊపిరితిత్తులలో గాని ఎప్పుడైనా గడ్డ కట్టినవారికీ ఇది అవసరం.

జబ్బు ఉన్నదని తేలితే వైద్యం ఉన్నది. చిన్న మోతాదు ఆస్పిరిన్ మాత్ర, దానితో హెపారిన్ సూది. హెపారిన్‌ను 1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి కుక్క కాలేయంలో కనుగొన్నాడు. ఇది మాయను దాటి బిడ్డను చేరదు. 1997లో లండన్‌లో ఈ జబ్బు గల 90 మంది స్త్రీల మీద జరిగిన పరిశోధనలో, ఆస్పిరిన్ ఒక్కటే తీసుకున్న వారిలో నూటికి 42 మందికి, హెపారిన్ కూడా తీసుకున్న వారిలో నూటికి 71 మందికి బిడ్డలు సజీవంగా పుట్టారు.

అలాగని అందరూ సూదులకు పరుగెత్తకూడదు. తొలి నెలల్లో పోయే గర్భాలలో ఎక్కువ భాగం పిండంలోని లోపం వల్లనే పోతాయి. వంశపారంపర్యంగా గడ్డకట్టే గుణం ఉండి, మాటిమాటికీ గర్భం పోయే స్త్రీలకు హెపారిన్ వల్ల అదనపు లాభం లేదని 2023లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో తేలింది. పరీక్ష లేనిదే మందు వద్దు. గుండెకు లోహపు కవాటం ఉండి వార్ఫరిన్ జాతి మాత్రలు వాడేవారు మాత్రం నెల తప్పక ముందే వైద్యుని అడగాలి. ఆ మందు మాయను దాటి బిడ్డకు హాని చేయగలదు. తమంతట తాము మానడమూ ప్రమాదమే.

మన ప్రాంతానికి ఇంకొక మాట. కోరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ అనే కొడవలి కణాల జబ్బు ఉన్నది. అది గలవారికి గర్భంలో గడ్డకట్టే భయం ఎక్కువ. దీనికోసం నలభై ఏళ్ళలోపు వారిని పరీక్షించే జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న ప్రారంభమయింది. ఆ పరీక్షకు సిగ్గుపడవద్దు.

కాన్పయిన ఆరు వారాలూ గడ్డకట్టే ప్రమాదం మరీ ఎక్కువ. మనవాళ్ళేమో బాలింతను మంచం దిగనివ్వరు, దాహమైనా నీళ్ళు కొలిచి పోస్తారు. ఈ రెండూ నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడేవే. పథ్యం మీ ఇష్టం. నీళ్ళు మాత్రం కడుపునిండా ఇవ్వండి, ఇంట్లో నాలుగడుగులు నడిపించండి. పురిటికి పార్వతీపురమో విజయనగరమో రైలులో పంపేటప్పుడు కూడా కాళ్ళు కదిలిస్తూ ఉండమనండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా, కాపడంతో కాలక్షేపం చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

పెద్దావిడ కోడలిని విశాఖపట్నం తీసుకువెళ్ళి వచ్చింది. మొదటి పరీక్షలో జబ్బు లక్షణం కనిపించింది. పన్నెండు వారాలు ఆగి మళ్ళీ పరీక్షించాలన్నారట.

"ఇప్పుడే మందు ఇవ్వవచ్చుగా వదినా, ఇంత ఆలస్యం దేనికి?" అని అడిగింది.

"జ్వరాల వంటివి వచ్చినప్పుడు కూడా ఆ పదార్థాలు కొన్నాళ్ళు కనిపించి పోతాయి. రెండోసారీ ఉంటేనే జబ్బని నమ్మకం. అంతవరకు మళ్ళీ నెల తప్పకుండా జాగ్రత్తపడమను" అన్నాను.

ఆమె కొంతసేపు ఊరుకుని, "మరి చుట్టాలకు ఏమని చెప్పను?" అన్నది.

"నెత్తురులో జబ్బేమో చూస్తున్నారు, పిల్లలో దోషం లేదని చెప్పు."

రెండవ పరీక్షకు ఇంకా అయిదు వారాలున్నాయి. సంబంధం మాట మాత్రం ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.