ఊరి చివర కళేబరము – ఊరిలో కుక్కల బెడద

పల్లెలో నలుగురు కూడినచోట నేడు కుక్కల మాట రాక మానదు. బడికి పోవు పిల్లను తరిమినవని ఒకరు, దొడ్డిలో గొర్రెపిల్లలను చంపినవని మరొకరు చెప్పుదురు. వెంటనే “పట్టి పొరుగూరి పొలిమేరలో విడువుడు, లేదా విషము పెట్టుడు” అను సలహా వచ్చును. ఈ రెండును పనికిరాని ఉపాయములే. తిండి దొరుకుచున్నంత కాలము ఒక మంద పోయిన చోటికి మరియొక మంద వచ్చి చేరును. విషము పెట్టుట నేరము. పైగా ఆ ఎర మీ కాపలా కుక్కకే తగులవచ్చును. కావున రైతు సోదరులారా, కుక్కలను నిందించుటకు ముందు, వానికి తిండి పెట్టుచున్నది ఎవరో ఆలోచింపుడు. పెట్టుచున్నది మనమే.

పూర్వము చచ్చిన పశువును ఊరి బయట పడవేసిన, రాబందులు వాలి కొద్ది గంటలలో ఎముకలు మాత్రము మిగిల్చెడివి. 1990 తరువాత మన దేశమున రాబందులు నూటికి తొంబదికి పైగా నశించినవి. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరములో నిలిచి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను పాడుచేసినదని 2004లో తేలినది. 2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందు వాడకమును నిషేధించినది. పక్షి పోయినది గాని, కళేబరమును పారవేయు మన అలవాటు పోలేదు. రాబందు తినవలసిన దానిని ఇప్పుడు కుక్క తినుచున్నది. కోళ్లఫారముల వారు చెరువు గట్టున పోయు చచ్చిన కోళ్లు, మాంసపు దుకాణముల వారు బాట ప్రక్కన వేయు పేగులు, ఈకలు దీనికి తోడు. ఆ తిండి చుట్టు చేరిన కుక్కలు ఆ తావు తమదే అన్నట్లు దారిన పోవువారిపై తిరుగబడును.

అందుచేత మొదట చేయవలసిన పని గొయ్యి త్రవ్వుట. బావులకు, చెరువులకు దూరముగా ఒక స్థలమును పంచాయతీ కేటాయించవలెను. ఆరడుగుల లోతున కళేబరమును ఉంచి, సున్నము చల్లి, మట్టి నిండుగా కప్పవలెను. “ఖర్చు ఎవరు భరింతురు?” అని అడుగువారు కలరు. జేసీబీ అద్దెను, కుక్కలు చంపిన ఒక్క గొర్రె ధరను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు, సమాధానము దొరకును.

రెండవ పని టీకా. ఊరి కుక్కలలో నూటికి 70 వంతులకు టీకా పడిన, వానిలో రేబిస్ వ్యాప్తి ఆగిపోవును. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించుట, టీకా వేయించుట స్థానిక సంస్థల బాధ్యత అని 2023 నిబంధనలు చెప్పుచున్నవి. ఆ బాధ్యతను గుర్తుచేయుట మీ వంతు. మీ సొంత కుక్కకు ఏటేట టీకా వేయించుట కూడ మీ వంతే.

ఈ పనులు ఫలించువరకు జాగ్రత్త అవసరము. “మొరిగే కుక్క కరవదు” అను సామెతను నమ్ముకొనవద్దు. తినుచున్న కుక్కను, నిద్రించు కుక్కను, పిల్లలతో ఉన్న కుక్కను కదిలింపరాదు. రాత్రివేళ నీరు పెట్టబోవునప్పుడు టార్చిలైటు, చేతికర్ర వెంట ఉండవలెను. కుక్క మీదికి వచ్చిన పరుగెత్తవద్దు. పరుగే దానిని ఉసిగొల్పును. కదలక నిలిచి, దాని కన్నులలోకి చూడక, మెల్లమెల్లగా వెనుకకు తగ్గవలెను. సంచియో, సైకిలో అడ్డము పెట్టుకొనుడు. క్రింద పడినచో ముడుచుకొని మెడను, చెవులను చేతులతో కప్పుకొనవలెను. ఇది పిల్లలచేత ఆటగా చేయించి నేర్పుడు.

కరచినచో మంత్రము, పసరు, కారము, సున్నము ఏవియు వద్దు. వెంటనే పారునీటి క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు గాయమును కడుగవలెను. తరువాత అదేరోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. బొడ్డు చుట్టు పొడిచెడి పాత సూదులు ఇప్పుడు లేవు, చేతికే వేయుదురు. తొలి సూది పడిన దినమును సున్నగా లెక్కించి 3, 7, 28 దినములలో తక్కినవి సాధారణముగా వేయుదురు. రక్తము వచ్చిన గాయమైన, గాయములోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడ వేయవలసి యుండును. అది అడిగి వేయించుకొనుడు. గాయము మానినదని సూదులు మధ్యలో మానరాదు. వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట మిక్కిలి అరుదు.

పశువును కరచినను గాయము కడిగి, పశువైద్యుని పిలువుడు. దానికిని సూదులు కలవు. చొంగ కార్చుచు, మేత మ్రింగలేని పశువును చూచి, గొంతులో ఏదో అడ్డుపడినదని నోటిలో చేయి పెట్టు అలవాటు మనలో కలదు. అది రేబిస్ కావచ్చును. వైద్యుడు వచ్చు వరకు ఆ నోటిలో చేయి పెట్టవద్దు.

వచ్చు గ్రామసభలో ఒక్క ప్రశ్న అడుగుడు: మన ఊరిలో చచ్చిన పశువు ఎక్కడికి పోవుచున్నది? దానికి గొయ్యి చూపించగలిగిన ఊరు, తన పిల్లలు నడచు బాటను సగము భద్రము చేసికొన్నట్లే.