బరువెంత అని అప్పుడడిగితే ఏం లాభం?

పిల్లలూ! మన సిద్దిపేట జిల్లా రాయపోల్‌లో గాని, మరే ఊళ్ళో గాని కాన్పు కబురు రాగానే "ఆడపిల్లా, మగపిల్లాడా?" అంటారు. వెంటనే "బరువెంత?" అంటారు. రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువన్నమాట. ప్రశ్న మంచిదే, కాని ఆలస్యంగా అడుగుతున్నామని నా అభిప్రాయం.

కడుపులోని శిశువుకు ఆహారం, ఆక్సిజన్ మాయ ద్వారా అందుతాయి. తల్లికి రక్తపోటు పెరిగినా, రక్తహీనత ఉన్నా, తిండి చాలకపోయినా ఆ సరఫరా తగ్గవచ్చు. అప్పుడు శిశువు శరీరం ఒక ఉపాయం పన్నుతుంది. పేగులకు, మూత్రపిండాలకు, కాళ్ళకు పోయే రక్తం తగ్గించి మెదడుకు మళ్ళిస్తుంది. చెరువులో నీళ్ళు తగ్గితే మిగతా మళ్ళు ఆపి నారుమడికి తడి ఇవ్వమూ? అలాగే! అందుకే చాలాసార్లు ఒళ్ళు సన్నగా ఉన్నా తల మామూలుగానే కనిపిస్తుంది.

"తల బాగానే ఉందిగా, ఇంకేం భయం" అనుకునేరు! నారుమడి ఎండనంత మాత్రాన నారు బలంగా ఉందనలేం. బలమైన అయస్కాంతమున్న యంత్రంతో, సూది గుచ్చకుండానే, గర్భస్థ శిశువు మెదడులోని రసాయనాలను ఇప్పుడు కొలవగలుగుతున్నారు. వాటిలో ఎన్-ఎసిటైల్ ఆస్పర్టేట్ ఒకటి. పేరు నోరు తిరగదు గాని సంగతి తేలికే. ఇది ముఖ్యంగా నాడీకణాల్లో ఉంటుంది, అవి ముదిరేకొద్దీ పెరుగుతుంది. ఎదుగుదల బాగా కుంటుపడిన శిశువుల్లో ఇది తక్కువగా కనబడింది.

అలాగని తక్కువ బరువుతో పుట్టినవాళ్ళకు చదువు రాదని కాదు సుమా! పుట్టాక కూడా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. మీ తరగతిలో లెక్కల్లో ముందుండేవాడు అలా పుట్టినవాడే కావచ్చు.

బరువు ఒక్కటే అంతా చెప్పదు కూడా. 1987-90లో హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. పుట్టిన బరువుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాని 13-18 ఏళ్ళప్పుడు కొలిస్తే, ఆ పల్లెల పిల్లలు ఆహారం అందని పల్లెల వాళ్ళకంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు!

మరి మన ఇళ్ళలో? అందరూ తిన్నాక మిగిలింది తల్లి తింటుంది. పైగా "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అనే మాట ఒకటి. ఇది తప్పు. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు భోజనం, పాలు, గుడ్డు ఇస్తారు. ఆ గుడ్డును ఇంటికి తెచ్చి అందరికీ పంచే తల్లులున్నారు. మీ అమ్మో, వదినో అలా తెస్తే వాటా అడగకండి. "నువ్వే తిను. బీపీ చూపించుకున్నావా?" అని అడగండి. ఐదో నెలలోనే అడగండి.