అతిసేవయు అపచారమే

రెండు సంవత్సరముల క్రిందట ఒక భక్తురాలు మా ఆలయమునకు ఒక ఆర్కిడ్ మొక్కను సమర్పించెను. ఫలెనాప్సిస్ అను జాతి. తెల్లని పూలు కాడ పొడుగునా సీతాకోకచిలుకలు వాలినట్లుండెను. పూలు రాలిన పిమ్మట దానిని తోటమట్టి నింపిన పెద్ద కుండీలోనికి మార్చి, మాగిన పశువుల ఎరువు వేసి, ప్రతిదినము ప్రాతఃకాలమున ఒక చెంబెడు నీరు పోసితిని. ముప్పది యేండ్లుగా స్వామికి అభిషేకము చేయుచున్న చేయి యిది. నీరు పోయుటయే సేవ యని దానికి అభ్యాసము. కొన్ని మాసములకు ఆకులు వడలి ముడుతలు పడెను. దాహము కాబోలునని రెండు చెంబులు పోసితిని.

ఒకనాడు, చిరకాలము పూలతోటలు పెంచిన వృద్ధ భక్తుడొకరు ప్రదక్షిణము చేయుచు ఆ కుండీ యొద్ద ఆగిరి. మట్టిని వ్రేలితో కదిపి, వాసన చూచి, "పంతులుగారూ, ఇది నీళ్ళు లేక వాడలేదండీ. నీళ్ళు త్రాగే వేళ్ళు లేక వాడింది" అనిరి. పెళ్ళగించి చూడగా వేళ్ళు గోధుమవన్నెకు మారి, పట్టుకొనగనే జారిపోవుచుండెను. దప్పికగా నాకు కనబడినది నిజమునకు మునుక. రోగమునకు కారణమైన దానినే ఔషధమని రెట్టింపు చేసితిని.

వృక్షమునకు సంస్కృతమున పాదపమని పేరు. పాదములతో, అనగా వేళ్ళతో, త్రాగునది. మహాభారతమున శాంతిపర్వమునందు భృగుమహర్షి భరద్వాజునితో వృక్షములకు ప్రాణమును ఇంద్రియజ్ఞానమును గలవని చెప్పిన సందర్భమును నేను బాల్యముననే చదివితిని. కాని ఈ పాదపపు పాదములు భూమిపై నిలుచునవి కావు. వనములందు ఇది చెట్టుకొమ్మల నంటి పెరుగును. దాని వేరునకు తెల్లని మెత్తని తొడుగుండును. వాన కురిసినపుడు ఆ తొడుగు నీటిని పీల్చుకొనును, పిదప గాలికి ఆరును. తడియుట యెంత అవసరమో ఆరుట యంత అవసరము. అట్టి వేళ్ళను నేను తడిమట్టిలో పూడ్చి ఊపిరాడకుండ చేసితిని.

చెట్టుపై పెరుగు మొక్కకు అమరకోశము వందా యని పేరు చెప్పుచు, దానికే వృక్షాదని యనియు, వృక్షరుహ యనియు పర్యాయపదముల నిచ్చినది. ఆర్కిడ్లలో ఒక ప్రసిద్ధ జాతికి శాస్త్రజ్ఞులు వాడుచున్న వాండా యను నామము ఈ సంస్కృతపదము నుండి పుట్టినదే. వృక్షాదని యనగా చెట్టును తినునది. వృక్షరుహ యనగా చెట్టు నెక్కి పెరుగునది. కోశమున ఇవి ఒకే వరుసలో నున్నను, లోకమున వీని నడుమ గొప్ప భేదము కలదు. బదనిక ఆశ్రయమిచ్చిన కొమ్మలోనికి వేరు దించి దాని సారమును గ్రహించును. ఆర్కిడ్ చోటు మాత్రమే కోరును, సారమును కోరదు. ఈ భేదము పిదప నన్ను వేరొక విధముగా బాధించినది.

ఆ వృద్ధుడు చెప్పినట్లు చికిత్స చేసితిని. నిప్పుపై కాల్చి చల్లార్చిన కత్తితో కుళ్ళిన వేళ్ళనన్నిటిని కోసితిని. మిగిలినవి గట్టిగా నున్న నాలుగు వేళ్ళు మాత్రమే. కోసిన చోట్ల దాల్చినచెక్క పొడి అద్ది, ఒక దినము నీడలో ఆరనిచ్చితిని. ప్రక్కలకును అడుగునను రంధ్రములున్న మట్టికుండీలో బొగ్గుముక్కలును, పలుమార్లు కడిగిన కొబ్బరిడొక్క ముక్కలును వేసి అందు నాటితిని. ఆలయమున కొబ్బరిడొక్కలకు కొదువ లేదు గదా! ఉదయపు లేత వెలుగు సోకు చోట నుంచితిని. వేరు పచ్చగా నున్నచో నీరు వలదు, వెండివన్నెకు వచ్చినపుడు పోయవలెను. ఆకుల నడిమి మొవ్వులో నీరు నిలువరాదు. ఇంతే నియమము.

"ఎందుకండీ ఈ శ్రమ, దాని ప్రారబ్ధము అంతే" అని కొందరనిరి. ప్రారబ్ధమను మాటను మనము మన ప్రమాదమును కప్పిపుచ్చుకొనుటకు వాడరాదు. కుళ్ళినది నా నీటి వలన. దానిని విధిపైకి నెట్టుట శాస్త్రము కాదు, సోమరితనము.

కొంతకాలమునకు ఎండక మిగిలిన పాత పూలకాడ కణుపు నుండి ఒక చిన్న పిలక పుట్టినది. దీనిని హవాయి భాషలో కేకీ యందురట, శిశువని అర్థము. మన చెవికి నెమలి స్ఫురించును. వెంటనే కోసి వేరుగా నాటుడని ఒకరు, తల్లినుండి ఎన్నడును వేరు చేయకుడని మరియొకరు సలహా నిచ్చిరి. వృద్ధుడు మాత్రము, "దానికి సొంత వేళ్ళు రానివ్వండి. రెండు మూడు ఆకులు, రెండు మూడంగుళాల వేళ్ళు వచ్చాక కోయండి. ముందు కోస్తే అది బ్రతకదు. అది బ్రతకగలిగాక కూడా ఉంచితే నీరసంగా ఉన్న తల్లికి భారం" అనిరి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా కుమారుడు వేదపాఠశాలలో అధ్యయనము ముగించి రెండేండ్లాయెను. దూరమున ఒక ఆలయము వారు అర్చకత్వమునకు పిలిచినను, "ఇంకను పక్వము కాలేదు" అని నేనే ఆపితిని. ప్రతిదినము స్వరము దిద్దితిని, ప్రయోగమున ప్రతి చిన్న విషయము మరల చెప్పితిని. వాడు క్రమముగా మౌనియయ్యెను. ఆ మౌనమును అశ్రద్ధ యనుకొని పాఠము పెంచితిని. వడలిన ఆకు చూచి రెండు చెంబులు పోసినవాడను గదా! వానికి వేళ్ళు ఎన్నడో వచ్చినవి, చూడనివాడను నేనే. వృద్ధాప్యమున ప్రక్కన నుండవలెనను నా కోరికకు పక్వమను పేరు పెట్టితిని. మా యింట వృక్షాదని యెవరో అప్పుడు తెలిసినది.

సాధకులకు నా విన్నపమిది. సేవకు ప్రమాణము సేవించువాని తృప్తి కాదు, సేవింపబడువాని స్వభావము. అర్చనయందు ఏ దేవతకు ఏ ద్రవ్యము, ఏ కాలమున, ఎంత యని విధి నడుగుదుము. బిడ్డ యెడల, శిష్యుని యెడల, మొక్క యెడల మాత్రము ఆ ప్రశ్న వేయము. ప్రేమ యున్నది గదా యని ధైర్యపడుదుము. ప్రేమ యున్నచోటనే ఆ ప్రశ్న మరింత అవసరము. ఏలయన, ప్రేమతో చేసిన తప్పును మనకు చెప్పువారుండరు.

శ్రావణమాసమున పిలకను ఇరుప్రక్కల కొంచెము కాడతో సహా కోసి చిన్న కుండీలో నాటితిని. అదే మాసమున కుమారుడు ఆ ఆలయమునకు వెళ్ళెను.

తల్లిమొక్కకు ఇప్పుడు ఒక క్రొత్త ఆకు వచ్చినది. పూలింకను లేవు. చెంబు పట్టుకొనుటకు ముందు వేరు వన్నె చూచుచున్నాను. సాయంకాలము కుమారుడు ఫోను చేసినపుడు "భోజనమైనదా నాయనా?" అని అడిగి, వాని మాట పూర్తియగువరకు వినుచున్నాను. ఇదియును అభ్యాసముతోనే రావలెను.

శుభం భూయాత్.