హెచ్చరిక: తర్ఫీదు లేని పరిశోధన పల్లె గడప తొక్కకూడదు

దేవరుప్పుల మండలానికి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెలన్నిటికీ ఆలస్యం కాకముందే చెప్పవలసిన మాట ఇది. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఏ ఆపద వచ్చినా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పరుగెత్తిన ప్రాంతానికి ఇది పెద్ద మేలు. అయితే వైద్య కళాశాల వెంట పరిశోధన కూడా వస్తుంది. ఆ పరిశోధనను విద్యార్థులకు పక్కన కూర్చుని నేర్పే పెద్దలు చాలినంత మంది లేరు. అధ్యాపకుల కొరత మీద జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) రాష్ట్రంలోని ప్రభుత్వ కళాశాలలకు నోటీసులిచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఈ లోటు ఇలాగే సాగితే ముందుగా దెబ్బ తినేది నమ్మి రక్తం ఇచ్చిన కూలి మనిషే.

మన ఇళ్లకు వచ్చేది ఎవరో చూడండి. కొన్నేళ్లుగా ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ ఊళ్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, చదువు సాగినన్నాళ్లూ వాళ్ల ఆరోగ్యం కనిపెట్టుకోవాలి. 2021 బ్యాచ్ నుంచి పీజీ డాక్టర్లు మూడు నెలలు జిల్లా ఆస్పత్రుల్లో పనిచేయాలి. పీజీ పూర్తి కావాలంటే థీసిస్ కావాలి. అధ్యాపకుడికి ప్రమోషన్ రావాలంటే పరిశోధన పత్రాలు కావాలి. ఈ అవసరాలన్నీ చివరికి పేదవాడి వాకిట్లో కలుస్తాయి. బీపీ చూసిన చేతులే ఫారం నింపుతాయి, రక్తం తీస్తాయి. ఏది వైద్యమో ఏది పరిశోధనో ఇంటివాళ్లకు తెలియదు. గైడు లేకుండా వచ్చిన కుర్రవాడికీ ఆ తేడా స్పష్టంగా తెలియకపోవచ్చు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. మహబూబాబాద్ పొరుగున ఉన్న ఖమ్మం జిల్లాలో 2009లో ఇలాంటిదే జరిగింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలు సుమారు 14,000 మందికి వేశారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అంగీకారం తీసుకున్న తీరు బయటపడింది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలవి, 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టినవి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ అధ్యయనాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఎందరో ఆడపిల్లల తరఫున కన్నవాళ్ల బదులు వార్డెన్లు ఒప్పుకున్నారు. టీకా మంచిదే, అది ప్రాణాలు కాపాడుతుందని ఎన్నో దేశాల అనుభవం చెబుతోంది. మంచి టీకా మీద కూడా జనానికి అనుమానం పుట్టించింది తర్ఫీదు లేని పనితీరే.

వెట్టికి ఎదురు తిరిగిన జనం ముందు నిలిచి 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం వదిలిన కడవెండి ఈ దేవరుప్పుల మండలంలోనిదే. తమ ఒంటి మీద హక్కు తమదేనని ఈ నేలకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. దాన్ని నేర్చుకోవలసింది ఫారం పట్టుకుని వచ్చేవాళ్లు.

పరిశోధనే వద్దని అనడం మన ఉద్దేశం కాదు. పాత నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ గోస మనకు ఎదురుగానే ఉంది. మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలను హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు పరీక్షించి 1973లో లోకానికి చెప్పారు. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు ఆ దశాబ్దంలోనే రూపొందించారు. 'నల్గొండ పద్ధతి' పేరుతో అది విదేశాలకూ వెళ్లింది. అయినా మన ఊళ్లలో నిలవలేదు. ప్రతి బోరు నీటికీ పటిక మోతాదు వేరు. రోజూ కొలిచి కలపాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఆ పని ఎవరు చేస్తారో, ఎన్నేళ్లు చేస్తారో ముందే తేల్చుకోలేదు. ఎముక చూసే డాక్టరు, నీళ్లు పరీక్షించే కెమిస్టు, తిండి లెక్క తెలిసిన పోషకాహార నిపుణుడు, ఊరి నీళ్ల ట్యాంకు చూసుకునే మనిషి మొదటి రోజు నుంచీ ఒకచోట కూర్చోవాలి. ప్రయోగశాలలో తేలింది ఇంటికి చేరాలంటే వేరే దారి లేదు.

అలా చేరిన మందు మన ఇళ్లలోనే ఉంది. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. మందు అణువును తయారు చేసినవారు ఒకరు, ఎలుకల మీద పరీక్షించినవారు ఇంకొకరు, 1947లో ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూసినవారు వేరొకరు. తన చేతికింది యువ శాస్త్రవేత్తల పేర్లు పత్రాల్లో ముందుకు తెచ్చి, తాను వెనక నిలిచిన మనిషిగా సుబ్బారావుకు పేరు. గురువంటే అలా ఉండాలి.

మరి తర్ఫీదంటే ఏమిటి? ఎన్‌ఎంసీ తప్పనిసరి చేసిన ఆన్‌లైన్ పరిశోధన కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోదు. అంగీకార పత్రాన్ని ఊరి తెలుగులో చదివి వినిపించి, విన్నవాళ్ల నోట మళ్లీ చెప్పించడం చేతనవ్వాలి. శాంపిల్ ఎంతసేపు చల్లగా ఉండాలో, లేబుల్ మారితే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో తెలియాలి. ఎంతమందిని పరీక్షించాలో గణాంక నిపుణుణ్ణి ముందే అడగాలి. వెళ్లని ఇంటి ఫారం గదిలో కూర్చుని నింపకూడదు. పొరపాటు జరిగితే గైడుకు భయం లేకుండా చెప్పగలగాలి, ఆ గైడు తన జూనియర్‌ను బలి చేయకూడదు. ఇంటింటికీ తోడు వచ్చిన ఆశా కార్యకర్త శ్రమకు పత్రంలో గుర్తింపు దక్కాలి.

అందుకే కళాశాలలను అడుగుతున్నాం. గైడు వెంట లేకుండా ఏ విద్యార్థినీ మొదటిసారి ఊళ్లోకి పంపకండి. ప్రతి అధ్యయనానికి ఒక వైద్యుణ్ణి, ఒక ప్రయోగశాల శాస్త్రవేత్తను కలిపి గైడ్లుగా పెట్టండి. కాకతీయ మెడికల్ కాలేజీ వరంగల్‌లోనే ఉంది, జాతీయ పోషకాహార సంస్థ, జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ హైదరాబాద్‌లో ఉన్నాయి. వాళ్లతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. ప్రభుత్వం ఖాళీ పోస్టులు నింపాలి, ప్రతి కళాశాలకూ ఒక గణాంక నిపుణుణ్ణి ఇవ్వాలి, నేర్పే అధ్యాపకుడికి ఓపీ డ్యూటీ నుంచి వారంలో కొంత సమయం మినహాయించాలి. యువ పరిశోధకులకు ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఆ అవకాశం జిల్లా కళాశాలల పిల్లలకూ అందాలి.

యువ డాక్టర్లకు ఒక మాట. పత్రం కోసం తొందరపెట్టే పెద్దలకు అంగీకారం లేని శాంపిల్ తీయనని చెప్పండి. అది మీ వృత్తికి మీరే కట్టుకునే రక్షణ.

ఇక ఊరివాళ్లు. ఫారం తెచ్చినవాళ్లను అడగండి: ఇది వైద్యమా, పరిశోధనా? మీ గైడు ఎవరు? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? రక్తం ఎక్కడికి పోతుంది? రిపోర్టు మాకు ఎప్పుడిస్తారు? మేం వద్దంటే మా వైద్యం ఆగుతుందా? ఆగకూడదు, అది మీ హక్కు. అడిగినందుకు ఎవరైనా కసురుకుంటే గ్రామసభలో చెప్పండి. సర్పంచులు, ఏఎన్‌ఎంలు, ఉపాధ్యాయులు ఈ ప్రశ్నలను పంచాయతీ గోడ మీద రాయించాలి, తర్వాతి బ్యాచ్ ఊళ్లోకి దిగకముందే రాయించాలి. జవాబులు రాసిన కాగితం మీ చేతికి వచ్చేదాకా వేలిముద్ర వేయకండి.